కోఠి బజారులో ఎనిమిదో తరగతి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరిగాయి, పిల్లల్ని దగ్గర్లో ఉన్న బజారుకి తీసుకెళ్ళి అది ఎలా మారుతోందో చూపించడం గురించి. అందుకే ఈ నెల పేజీ మొత్తం దానికే ఇచ్చేశాం.

ప్రశ్న: నేను కోఠి దగ్గర ఒక హైస్కూల్లో ఎనిమిది, తొమ్మిది తరగతులకి సోషల్ చెప్తాను. ఈసారి ప్రాజెక్ట్ వర్క్ సుల్తాన్ బజార్ మీద చేయిద్దామనుకుంటున్నా. కానీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలీట్లేదు. ముందు క్లాసులో చరిత్ర చెప్పి తీసుకెళ్ళాలా, లేక నేరుగా తీసుకెళ్ళిపోవాలా? వెళ్ళాక ఏం చూడమనాలి?
– ఒక సోషల్ టీచర్, హైదరాబాద్

జవాబు: నేరుగా తీసుకెళ్ళండి మేడమ్. చరిత్ర తర్వాత చెప్పొచ్చు, ముందే చెప్పేస్తే పిల్లలు మీరు చెప్పినదాన్నే వెతుక్కుంటారు, కళ్ళ ముందున్నది చూడరు.

నలుగురేసి ఒక గ్రూపు చేయండి. ఒక్కో గ్రూపుకి రోడ్డుకి ఒక వైపు, ఒక ఇరవై షాపులు చాలు. ఒక పొడవాటి కాగితం మీద షాపులన్నీ వరసగా డబ్బాలు గీసుకోమనండి, ఒక్కో డబ్బాలో ఏం అమ్ముతున్నారు, షట్టర్ తీసుందా మూసుందా, పైన అంతస్తులో ఏముంది (పైన చూడ్డం చాలామంది మర్చిపోతారు, అసలు కథ చాలాసార్లు అక్కడే ఉంటుంది, కింద చీరల షాపు పైన గోడౌన్ ఉంటుంది లేదా ఒకప్పుడు కుటుంబం ఉండి ఇప్పుడు తాళం వేసిన ఇల్లు ఉంటుంది), బోర్డు మీద ఏ ఏ భాషలున్నాయి, ఫిక్స్‌డ్ రేటా బేరమా, గల్లాపెట్టె దగ్గర ఓనరే కూర్చున్నాడా జీతానికి పెట్టుకున్న మనిషా, ఇవి రాస్తే చాలు మొదటి రోజుకి. ఎవ్వర్నీ ఏమీ అడగొద్దు. చూడటం, రాయటం, అంతే.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన భాగం చెప్తా, పాత బోర్డులు. ఒక బోర్డు ఎప్పటిదో షాపు ఓనర్ని అడక్కుండానే పిల్లలు కనిపెట్టగలరు. బోర్డు మీద ఫోన్ నంబర్ ముందు ఎస్టీడీ కోడ్ (ఊరికి ఇచ్చే నంబర్) 0842 అని ఉంటే అది బాగా పాతది, ఎందుకంటే హైదరాబాద్ కోడ్ 040 కాకముందు అదే. 040 ఉండి, ఫోన్ నంబర్ మాత్రం ఏడు అంకెలే ఉంటే 2000ల మొదట్లో ల్యాండ్‌లైన్ నంబర్ల ముందు 2 చేర్చి ఎనిమిది అంకెలు చేయకముందు రాయించిందన్నమాట. ఎనిమిది అంకెలుంటే ఆ తర్వాతది. అసలు ల్యాండ్‌లైనే లేకుండా మొబైల్ నంబర్ ఒక్కటే ఉందా, ఇంకా కొత్తది. పన్ను నంబర్ కూడా అంతే. టిన్ నంబర్ కనపడితే అది వ్యాట్ (జీఎస్టీకి ముందున్న అమ్మకం పన్ను) రోజులది, అంటే 2005 తర్వాత, 2017కి ముందు. జీఎస్టీ నంబర్ ఉంటే 2017 జులై 1 తర్వాత రాయించారు, తెలంగాణ షాపైతే అది 36తో మొదలవుతుంది. అడ్రస్ చివర ఏ.పి. అనుంటే 2014 జూన్ 2కి ముందుదై ఉండాలి. ఇట్లా మూడు నాలుగు గుర్తులు కలిపితే పిల్లలే "ఇది 2005కి 2014కి మధ్యది" అని తేల్చేస్తారు. ఎనిమిదో తరగతి పిల్లాడు తనంతట తాను ఒక వస్తువుకి కాలం నిర్ణయించడం అంటే చిన్న విషయం కాదండి, శాసనాలు చదివేవాళ్ళు చేసే పని అదే. ఒక్క జాగ్రత్త, అది బోర్డు వయసు మాత్రమే, షాపు వయసు కాదు. యాభై ఏళ్ళ షాపుకి నిన్న పెట్టిన ఫ్లెక్సీ ఉండొచ్చు.

ఇదంతా అయ్యాక అప్పుడు చరిత్ర చెప్పండి. అప్పటికి వాళ్ళకే బోలెడు డౌట్లు వచ్చుంటాయి, ఇక్కడ ఇన్ని గుజరాతీ, మార్వాడీ, మరాఠీ పేర్లు ఎందుకున్నాయి అని కచ్చితంగా ఎవరో ఒకరు అడుగుతారు. అక్కణ్ణుంచి అందుకోండి. ఇప్పుడు మహిళా యూనివర్సిటీ ఉన్న ఆ పెద్ద స్తంభాల భవనం ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ, అంటే నిజాం దగ్గర ఉండే బ్రిటిష్ వాళ్ళ ప్రతినిధి (రెసిడెంట్) నివాసం, కిర్క్‌పాట్రిక్ రెసిడెంట్‌గా ఉన్నప్పుడు 1803 ప్రాంతంలో మొదలుపెట్టి కట్టించింది. దాని చుట్టూ పెరిగిన బజారుని రెసిడెన్సీ బజార్ అనేవాళ్ళు, నిజాం రాజ్యం మధ్యలో ఉన్నా అక్కడ అధికారం రెసిడెంట్‌ది. సాహుకార్లు, బట్టల వ్యాపారులు అక్కడ చేరడానికి అదొక పెద్ద కారణం. 1857 తిరుగుబాటు రోజుల్లో, జులై 17న, తుర్రెబాజ్ ఖాన్, మౌలవీ అల్లావుద్దీన్ మనుషుల్ని వెంటేసుకుని ఆ రెసిడెన్సీ మీదకే వెళ్ళారు, కోఠి బస్టాప్ దగ్గర స్మారకం ఉంది, పిల్లలు రోజూ దాని పక్కనుంచే పోతుంటారు. 1933లో ఆ బజారుని నిజాంకి తిరిగి ఇచ్చేశాక సుల్తాన్ బజార్ అయ్యింది.

అక్కడ జరిగింది ఒక్క వ్యాపారమే కాదు, ఇది తప్పకుండా చెప్పండి. శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం అనే తెలుగు గ్రంథాలయం 1901లో పుట్టింది ఈ రెసిడెన్సీ బజార్లోనే, రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో. 1921 నవంబర్లో వివేకవర్ధిని థియేటర్లో సంఘ సంస్కరణ సభ జరుగుతుంటే ఆలంపల్లి వెంకట రామారావు గారు తెలుగులో మాట్లాడబోతే ఎగతాళి చేసి కూర్చోబెట్టారు, ఆ రాత్రే తెలుగువాళ్ళ కోసం ఆంధ్ర జన సంఘం మొదలైంది. ఆ భాషా నిలయం ఇప్పటికీ సుల్తాన్ బజార్లోనే ఉంది, పిల్లల్ని తీసుకెళ్ళి పాత పత్రికల్లో ప్రకటనలు చూపించమని అడిగి చూడండి. పాత వ్యాపార ప్రకటన ఒక్కటి దొరికినా అది ఏ షాపుది, ఏ వీధిది, ఇప్పుడక్కడ ఏముంది అని పిల్లలు ఆ రోజంతా తిరుగుతారు. 1908 మూసీ వరదల తర్వాత లియోనార్డ్ మన్ ఆధ్వర్యంలో సిటీని అంగుళం అంగుళం కొలిచి గీసిన పటాలు కూడా ఉన్నాయి, ఇళ్ళు, బావులు, గల్లీలు అన్నీ కనపడతాయి వాటిల్లో. మీ వీధి పటం దొరికితే పిల్లలు గీసిన కాగితం పక్కన పెట్టి గోడకి అంటించండి.

మెట్రో సంగతి మీరు అడగలేదు గానీ పిల్లలు అడుగుతారు. బజారు మీదుగా లైన్ వద్దని అక్కడి వ్యాపారులు ఏళ్ళ తరబడి ఆందోళన చేశారు. చివరికి సుల్తాన్ బజార్ స్టేషన్ ఉన్న జేబీఎస్–ఎంజీబీఎస్ (జూబ్లీ, మహాత్మాగాంధీ బస్ స్టేషన్ల మధ్య) లైన్ 2020 ఫిబ్రవరి 7న మొదలైంది. నెలన్నర తిరిగేసరికి దేశమంతా లాక్‌డౌన్. కాబట్టి "మెట్రో వచ్చాక గిరాకీ తగ్గింది" అని ఒకాయన, "పెరిగింది" అని ఇంకొకాయన చెప్తే, అందులో మెట్రోది ఎంత, కరోనాది ఎంత అని విడదీయడం పెద్దవాళ్ళకే కష్టం. ఆ కష్టాన్ని పిల్లల ముందు అలాగే పెట్టండి. జవాబు చెప్పేయకండి.

ప్రశ్న: మా పాప స్కూల్లో ఇలాంటి ప్రాజెక్టే ఇచ్చారు. బజార్లో ఆ ట్రాఫిక్‌లో పిల్లల్ని తిప్పడం ఎంతవరకు సేఫ్? పైగా దీనివల్ల మార్కులేమైనా వస్తాయా, ఆ టైంలో నాలుగు లెక్కలు చేసుకోవచ్చు కదా అనిపిస్తోంది.
– ఒక తల్లి, సికింద్రాబాద్

జవాబు: సేఫ్టీ గురించి అడగటం మీ హక్కు అమ్మా, స్కూల్ వాళ్ళని గట్టిగానే అడగండి. గ్రూపుకి ఒక పెద్దవాళ్ళు ఉండాలి, ఒక్కో గ్రూపు రోడ్డుకి ఒకే వైపు ఉండాలి, మాటిమాటికీ రోడ్డు దాటే పని ఉండకూడదు, పండగ సీజన్లో సాయంత్రాలు అస్సలు వద్దు. మంచినీళ్ళు, ఆడపిల్లలకి బాత్రూం ఎక్కడుందో ముందే చూసి పెట్టుకోవాలి, అదొక్కటి మర్చిపోయి సగంలో వెనక్కొచ్చేసిన గ్రూపులు చాలా ఉంటాయి. వీలైతే ఒక రోజు మీరే తోడుగా వెళ్ళండి.

మార్కుల సంగతి, ఎఫ్ఏల్లో (ఏడాది మధ్యలో పెట్టే ఫార్మేటివ్ పరీక్షల్లో) ప్రాజెక్ట్ వర్క్ ఎలాగూ ఉంది. 2020 జాతీయ విద్యా విధానం కూడా ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకి పది రోజులు బ్యాగు లేకుండా బయట నేర్చుకునే రోజులు ఉండాలంటుంది. ఇక లెక్కలంటారా, ఇలాంటి ప్రాజెక్టులో పాప పొద్దున పావుగంట, సాయంత్రం పావుగంట ఒకే చోట నిలబడి ఎంతమంది వచ్చారో లెక్కపెట్టి, శాతాలు కట్టి, గ్రాఫ్ గీస్తుంది కదా, అది లెక్కలు కాక మరేంటి చెప్పండి.

ప్రశ్న: సార్, నేను తొమ్మిదో తరగతి. మా గ్రూపుకి గుజరాతీ గల్లీ, ట్రూప్ బజార్ వచ్చింది. షాపు వాళ్ళు ఏమడిగినా "గిరాకీ టైం, పోండి పోండి" అంటున్నారు. ఇంకోటి, మా ఫ్రెండ్ ఏమో ఆన్‌లైన్ వల్లే షాపులన్నీ మూతపడుతున్నాయి అని ప్రాజెక్ట్ చివరి పేజీ ముందే రాసేశాడు. అది కరెక్టేనా?
– ఒక విద్యార్థి, హైదరాబాద్

జవాబు: రెండూ మంచి ప్రశ్నలే బాబూ, ముందు మొదటిది.

నువ్వు ఏ టైంకి వెళ్ళావో రాయలేదు. బోణీ కాకముందు వెళ్ళావా? బోణీ కాకుండా కొనని మనిషి వచ్చి ప్రశ్నలడిగితే ఏ షాపాయన ఊరుకుంటాడు చెప్పు. షాపు తీసిన గంటకి, బోణీ అయ్యాక, మధ్యాహ్నం భోజనాలకి ముందు ఒక ఖాళీ ఉంటుంది, అప్పుడెళ్ళు. ఆదివారం వద్దు, ఒకటో తారీఖు నుంచి మొదటి వారం వద్దు, పెళ్ళిళ్ళ సీజన్, దసరా, రంజాన్ ముందు రోజులు వద్దు. నలుగురూ ఒకేసారి మీద పడకండి, ఇద్దరు చాలు, ఒకరు అడగాలి ఒకరు రాయాలి. స్కూల్ లెటర్ చూపించు. అక్కడ చాలామందికి హిందీ, దక్కనీ ఉర్దూ అలవాటు, మీ గ్రూపులో ఆ భాష బాగా వచ్చినవాళ్ళని ముందు పెట్టు. కస్టమర్ వస్తే వెంటనే పక్కకి జరుగు, "అంకుల్ మీరు చూసుకోండి, మేం ఆగుతాం" అను. ఈ ఒక్క మాటతో సగం షాపులు నీకు కుర్చీ వేస్తాయి.

అడిగేది కూడా చూసుకోవాలి. "నెలకి ఎంతొస్తుంది", "కిరాయి ఎంత", "పగిడి (షాపు తీసుకునేటప్పుడు కిరాయి కాక ముందే కట్టే సొమ్ము) ఎంత కట్టారు" అని మొదలుపెట్టావంటే ట్యాక్స్ వాళ్ళు పంపారేమో అనుకుంటారు. "ఇక్కడ మీకంటే ముందు ఏ షాపు ఉండేది అంకుల్?" ఇది అడుగు ఫస్ట్. తర్వాత, పదేళ్ళ కింద బాగా అమ్ముడైంది, ఇప్పుడు ఎవరూ అడగనిది ఏంటి? అప్పుడు లేనిది, ఇప్పుడు రోజూ అమ్మేది ఏంటి? సరుకు ఎక్కడినుంచి తెస్తారు? మీ తర్వాత ఈ షాపు ఎవరు చూస్తారు? ఈ చివరి ప్రశ్నకి ఒక్కోసారి ఆయన కాసేపు మాట్లాడకపోవచ్చు, అప్పుడు తొందరపెట్టొద్దు, వేరే ప్రశ్నకి పోవద్దు, ఆగు. పేర్లు రాయకు, "ఎలక్ట్రికల్ షాపు ఓనర్, అరవై ఏళ్ళు" అని రాస్తే చాలు. అడక్కుండా ఫోటో తీయకు.

ఇప్పుడు మీ ఫ్రెండ్ సంగతి. ఆన్‌లైన్ వల్ల షాపులకి దెబ్బ తగల్లేదని నేననను, తగిలింది, ముఖ్యంగా ఒకే మోడల్ ఒకే రేటుకి దొరికే వస్తువులు అమ్మేవాళ్ళకి. కానీ లెక్కపెట్టకముందే చివరి పేజీ రాసేస్తే ఇక బజారుకి వెళ్ళడమెందుకు?

షాపు మూతపడటానికి ఎన్ని దారులున్నాయో చూడు. వస్తువే పోవచ్చు, క్యాసెట్లు పోయి సీడీలొచ్చాయి, సీడీలు పోయి పెన్‌డ్రైవ్‌లు, ఇప్పుడు పాట కోసం షాపుకి పోయేదే లేదు, ఎస్టీడీ బూత్‌లు మొబైల్ వచ్చి పోయాయి, ఇవన్నీ మన దగ్గర ఆన్‌లైన్ షాపింగ్ ఊపందుకోకముందే మొదలైనవి. పిల్లలు బాగా చదువుకుని వేరే ఉద్యోగాల్లోకి వెళ్ళిపోవచ్చు, అంటే షాపు బాగా నడిచింది కాబట్టే చదివించగలిగారు, చదివారు కాబట్టే షాపు మూతపడింది, దీన్ని నష్టం అంటావా లాభం అంటావా? బిల్డింగ్ ఓనర్ పాతది కూలగొట్టి కాంప్లెక్స్ కట్టొచ్చు. ఎప్పుడూ కొనే కుటుంబాలు దిల్‌సుఖ్‌నగర్‌కో కూకట్‌పల్లికో మారిపోయి అక్కడే కొనుక్కోవచ్చు. పార్కింగ్ లేక కారున్నవాళ్ళు రావడం మానేయొచ్చు. 2016 నవంబర్లో నోట్ల రద్దు, 2017లో జీఎస్టీ, 2020లో లాక్‌డౌన్ వరసగా వచ్చాయి, మూడింటినీ తట్టుకుని నాలుగో ఏడాది ఆరోగ్యం బాగోక మూసేసినవాళ్ళూ ఉంటారు. షాపు మూతపడకుండా వేరే గల్లీకో పై అంతస్తుకో మారి ఉండొచ్చు కూడా, అది మూతపడినట్టు కాదు.

అందుకని నీ పట్టికలో "ఎందుకు" అని ఒక గడి పెట్టు, ఒకటి కంటే ఎక్కువ కారణాలు చెప్తే అన్నీ రాయి, పక్కన ఇంకో గడిలో "ఇది ఎవరు చెప్పారు" అని పెట్టు. మూసేసినాయన స్వయంగా చెప్పడం వేరు, పక్క షాపాయన చెప్పడం వేరు.

అలాగే పోయినవాటినే కాదు, వచ్చినవాటినీ రాయండి. రేడియో, టీవీ సామాన్లు అమ్మిన చోట సీసీ కెమెరాలు అమ్ముతున్నారా? మామూలు బల్బుల షాపులో ఎల్ఈడీలు ఎప్పటినుంచి? టెంపర్డ్ గ్లాసులు, చార్జర్లు, ఇయర్‌ఫోన్ల షాపులు ఎన్ని, వాటి ముందు అక్కడేముండేది? టైలర్‌ని అడుగు, ఆన్‌లైన్లో కొన్న డ్రెస్సులు లూజు తగ్గించమని ఎంతమంది తెస్తున్నారో. వాట్సాప్‌లో ఫోటో పంపి ఆర్డర్ తీసుకుని పార్సిల్ పంపే షాపులు ఎన్నో లెక్కేయండి, అవి ఆన్‌లైన్ కిందకొస్తాయా బజారు కిందకొస్తాయా మీ గ్రూపులోనే కూర్చుని వాదించుకోండి. యూపీఐ వచ్చింది 2016లో, ఇప్పుడు క్యూఆర్ కోడ్ లేని షాపు కనపడితే ఎందుకు పెట్టలేదో మర్యాదగా అడగండి, మంచి కారణం చెప్తారు చూడు.

అంతా అయ్యాక మీ ఫ్రెండ్ రాసిందే కరెక్ట్ అని తేలితే ఆ చివరి పేజీ అలాగే ఉంచండి. తేలకపోతే చింపేసి కొత్తది రాయండి.

ప్రశ్న: మాది సుల్తాన్ బజార్ దగ్గర తాతల నాటి బట్టల షాపు. పోయిన నెల స్కూలు పిల్లలు వచ్చారు, చాలా బాగా అడిగారు, సంతోషమే. కానీ మా షాపు ముందు బండ్లవాళ్ళని కూడా షాపుల్లాగే లెక్కేసి రాసుకున్నారు. మేం ట్యాక్సులు, కరెంటు, కిరాయిలు కడుతున్నాం. దారికి అడ్డంగా పెట్టుకున్నవాళ్ళూ మేమూ ఒకటేనా?
– ఒక వ్యాపారి, హైదరాబాద్

జవాబు: మీ బాధ అర్థమైందండి, షాపు గుమ్మం కనపడకుండా బండ్లు నిలబడితే నష్టం మీదే. ఆ మాట కూడా పిల్లలకి చెప్పండి, వాళ్ళు రాసుకోవాలి. అయినా వాళ్ళు బండ్లని లెక్కేయడం సరైన పనేనని నా అభిప్రాయం. కోఠికి వచ్చే మనిషి గాజులు, హెయిర్ క్లిప్పులు, జాకెట్ ముక్కలు, కూరగాయలు పక్కనున్న బడీచౌడీ వీధి దాకా బండి మీదే కొంటుంది, ఆ కొనడానికి వచ్చినామే మీ షాపులోకీ వస్తుంది. వాళ్ళని వదిలేసి గీస్తే అది మీ బజారు బొమ్మ కాదు.

చట్టం కూడా వాళ్ళని వ్యాపారులుగానే చూస్తుంది. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ఐదేళ్ళకొకసారైనా సర్వే చేయాలి, టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళు. సర్వే పూర్తయి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవర్నీ అక్కణ్ణుంచి తీసేయకూడదు. 2020 జూన్‌లో మొదలైన పీఎం స్వనిధిలో (వీధి వ్యాపారులకి అప్పులిచ్చే కేంద్ర పథకం) పది వేల అప్పుతో మొదలుపెట్టినవాళ్ళు ఉంటారు మీ షాపు ముందే. అదే చట్టం ఎక్కడ పెట్టుకోవచ్చు, ఎక్కడ కూడదు అని జోన్లు కూడా గీయమంటుంది, అది సరిగ్గా జరగనందువల్లే మీరూ వాళ్ళూ ఒకరినొకరు చూసి విసుక్కోవాల్సి వస్తోంది.

ఒక పని చేయండి, పిల్లలు మళ్ళీ వస్తే టేపు ఇచ్చి ఫుట్‌పాత్ వెడల్పు కొలవమనండి, ఎంత బండ్లకి పోయింది, ఎంత షాపుల మెట్లకి, బయట పెట్టిన బొమ్మలకి, బోర్డులకి పోయింది, ఎంత నడిచేవాళ్ళకి మిగిలింది, మూడూ విడివిడిగా. బండివాళ్ళలో మీ దగ్గరో మీ పక్క షాపులోనో సరుకు తీసుకునేవాళ్ళు ఎంతమందో కూడా అడగమనండి.

ప్రశ్న: మాది చిన్న ఊరు, మండల కేంద్రం. మెట్రో లేదు, మాల్ లేదు. మెయిన్ రోడ్డు మీద కొన్ని షాపులు, వారానికోసారి సంత. మా పిల్లలతో ఇలాంటిది చేయించడానికి ఏముంటుంది?
– ఒక టీచర్, గుంటూరు జిల్లా

జవాబు: మీకే ఎక్కువ ఉంటుంది మాస్టారూ. కోఠిలో పిల్లలు ఒక వీధిలో సగం కూడా పూర్తి చేయలేరు, మీ పిల్లలు మొత్తం ఊరి బజారు ఒక్క కాగితం మీద గీసేయగలరు.

సంతతో మొదలుపెట్టండి. ఏ ఊర్లనుంచి ఏ సరుకు వస్తోంది, ట్రాక్టరా ఆటోనా, ఎవరు తామే పండించింది అమ్ముతున్నారు, ఎవరు కొని తెచ్చి అమ్ముతున్నారు. దగ్గర్లో రైతు బజారు ఉంటే అక్కడికీ వెళ్ళండి, 1999 జనవరిలో మొదలైనవి అవి, దళారి లేకుండా రైతే అమ్మాలని పెట్టినవి, ఇప్పుడు ఎంతమంది రైతులే కూర్చుంటున్నారో పిల్లలు చూసొస్తే చాలా విషయాలు తెలుస్తాయి.

కొలతల మీద ఒక గ్రూపుని పెట్టండి. పూలు ఇప్పటికీ మూరే కదా, మరి ఎవరి మూర? అమ్మేవాళ్ళ చెయ్యి కొలిచి చూడమనండి! ఇంట్లో అమ్మమ్మల్ని, నాయనమ్మల్ని వీశె అంటే ఎంత, సోల, తవ్వ, మానిక, కుంచం అంటే ఎంత అని అడిగి, ఇంట్లో పాత కొలపాత్ర దొరికితే బియ్యం పోసి కిలోల్లో తూచమనండి. ఊరూరికీ లెక్క మారుతుంది కాబట్టి పుస్తకంలో చూసి రాయొద్దు, తూచిందే రాయాలి. 1957 ఏప్రిల్‌లో నయా పైసలు వచ్చినప్పుడు అణాలతో గజిబిజి పడిన పెద్దవాళ్ళు ఊళ్ళో ఇంకా ఎవరైనా ఉంటే ముందు వాళ్ళ దగ్గరకే వెళ్ళండి, సంత సంగతి వచ్చే వారమైనా చూసుకోవచ్చు.

తేదీ, వారం, వాతావరణం ప్రతి కాగితం మీదా రాయించండి. కాగితాలు ఇంటికి పంపేయకుండా స్కూల్ బీరువాలో ఒక ఫైల్ పెట్టి దాచండి, ఒక జిరాక్స్ కాపీ ఊరి లైబ్రరీకి, ఒకటి మాట్లాడిన షాపులవాళ్ళకి ఇవ్వండి. వచ్చే ఏడాది ఎనిమిదో తరగతి వాళ్ళు అదే నెలలో, అదే సంత రోజున, అవే గడులున్న కాగితం పట్టుకుని వెళ్తే మీకు పోల్చుకోవడానికి మొదటి లెక్క చేతిలో ఉంటుంది.